లైట్‌హౌస్ స్కోరు 100. మావాడు మాత్రం బిల్లు కట్టలేకపోయాడు

రుషికొండ టెస్టర్:
ఒక క్లయింటుకి బిల్లులు కట్టే సైట్ చేశాం. గూగుల్ వాళ్ల లైట్‌హౌస్ టూల్‌లో యాక్సెసిబిలిటీ (వైకల్యం ఉన్నవాళ్లూ వాడగలగడం) స్కోరు నూటికి నూరు, టీమంతా బిర్యానీ కూడా తినేశాం. నిన్న చూపులేని మిత్రుడొకడు ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌తో (తెర మీదున్నది పైకి చదివే సాఫ్ట్‌వేర్) అదే సైట్ తెరిచాడు. కన్స్యూమర్ నంబర్‌లో ఒక అంకె తప్పు కొట్టాడు. మేం పెట్టిందల్లా గడి చుట్టూ ఎర్ర గీత. స్క్రీన్ రీడర్ నోరు మెదపలేదు. ఎంటర్ నొక్కుతూనే ఉన్నాడు. చివరికి "ఏటి గురూ, మీ సైట్ పడుకుందా?" అన్నాడు. మీకెవరికైనా ఇలా జరిగిందా?

మౌస్ పీకేసినవాడు:
జరగనిదెవరికి! ఆల్ట్ టెక్స్ట్ (బొమ్మకి రాసే వివరణ) ఉందో లేదో టూల్ చెప్తుంది, దానికి అర్థముందో లేదో చెప్పదు. ముందు మౌస్ పీకేసి ట్యాబ్, ఎంటర్, స్పేస్‌లతోనే బిల్లు కట్టి చూడండి. మా దగ్గర 'చెల్లించండి' అనేది అసలు బటనే కాదు, డివ్ అనే ఉత్త డబ్బాకి రంగు పూశారు. ట్యాబ్ దాన్ని దాటుకుని పోయేది. తప్పును మాటల్లో రాసి, కోడ్‌లో దానికి 'రోల్ అలర్ట్' అనే గుర్తు పెట్టండి. అప్పుడు స్క్రీన్ రీడర్ దాన్ని పైకి చదువుతుంది.

గాజువాక డిజైనర్:
తెలుగు పేజీ కోడ్‌లో భాష చెప్పే 'లాంగ్' దగ్గర 'టీఈ' (తెలుగు) అని ఉందా? చాలాచోట్ల 'ఈఎన్' (ఇంగ్లీషు) అనే వదిలేస్తారు, అప్పుడు ఇంగ్లీషు గొంతు తెలుగు చదవడానికి తంటాలు పడుతుంది. ఇంకోటి, బటన్ ఎత్తు ఇంగ్లీషుకి సరిపెట్టకండి. మా సైట్‌లో ల వత్తు తెగిపోయి 'చెల్లించండి' కాస్తా 'చెలించండి' అయింది. రెండు నెలలు ఎవరూ చూడలేదు, నేను కూడా.

ఎంవీపీ మాస్టారు:
నాకు 71 ఏళ్లు, కోడింగ్ తెలీదు. బీచ్ రోడ్డులో ఎండలో ఫోన్ తీస్తే మీ లేత బూడిద అక్షరాలు కనపడవు నాయనా. అక్షరాలు పెద్దవి చేస్తే బటన్ తెర బయటికి పోతుంది. ఓటీపీ వెతికేలోపు టైమ్ అయిపోతుంది.

గాజువాక డిజైనర్:
మాస్టారూ, మీరు చెప్పినవన్నీ డబ్ల్యూసీఏజీలో (వెబ్ యాక్సెసిబిలిటీకి అంతర్జాతీయ మార్గదర్శకాలు) ఉన్నవే. మామూలు అక్షరాలకి, వెనక రంగుకి మధ్య కాంట్రాస్ట్ (వెలుగు తేడా) కనీసం 4.5:1, అక్షరాలు 200 శాతం దాకా, అంటే రెట్టింపు, చేసినా పేజీ చెదరకూడదు.

సిరిపురం స్టార్టప్:
ఐదుగురితో సైట్ వాడించి చూస్తే చాలంటారు కదా?

మౌస్ పీకేసినవాడు:
ఆఫీసులో పక్క సీటువాళ్లు ఐదుగురా? సైట్ల వాడుక సౌలభ్యం మీద నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లో చెప్పింది, ఐదుగురితో చూసి, సరిచేసి, మళ్లీ ఐదుగురితో చూడమని. నేను ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు కోసం కూర్చున్నవాళ్లని బతిమాలాను. కష్టమల్లా నోరు మూసుకుని కూర్చోవడమే. ఒకావిడ మూడు గీతల మెనూ మీదుగా వేలు నాలుగుసార్లు పోనిచ్చి, అది గీతల డిజైన్ అనుకున్నారు. "అదేనండీ, నొక్కండి" అన్నానంటే టెస్ట్ అక్కడితో పోయినట్టే.

రుషికొండ టెస్టర్:
మా మేనేజర్ "దీనికి బడ్జెట్ ఎక్కడిది" అన్నారు. 2025 ఏప్రిల్ 30 నాటి సుప్రీంకోర్టు తీర్పు చూపించాను, డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనని. కాసేపు మాట్లాడలేదు. బటన్, అలర్ట్ మార్చాం. శనివారం మావాడు మళ్లీ వస్తానన్నాడు, ఈసారి తన సొంత బిల్లుతో.