చవక క్రైమ్ సినిమాల మీద మనకెందుకింత మోజు?

పాతరీలు:
పెద్ద స్టూడియోల సినిమాలు ఇప్పుడు ఎక్కడైనా దొరుకుతున్నాయి. అయినా నా చేయి 1940లలో హాలీవుడ్‌లో పీఆర్‌సీ లాంటి చిన్న సంస్థలు హడావిడిగా చుట్టేసిన నేరకథల వైపే పోతుంది. మీకూ అంతేనా? వానాకాలంలో డిస్కులకు బూజు పట్టకుండా ఏం చేస్తున్నారు?

చీకటిసందు:
పీఆర్‌సీ వాళ్ల ‘డీటూర్’ (1945) ఒక్కటి చాలదా! న్యూయార్క్ వీధి చూపించే స్తోమత లేక దర్శకుడు ఎడ్గర్ ఉల్మర్ తెరనిండా పొగమంచు నింపాడు. వీధి పేర్ల బోర్డులు, నడుస్తున్న ఇద్దరు, అంతే. ఇదంతా ఆరే రోజుల్లో!

గోదావరిగట్టు:
ఆ సినిమా డిస్కు కొని మోసపోయాను. హీరో లిఫ్ట్ అడిగే చోట బొమ్మ అద్దంలోలా కుడిఎడమలు తిరగబడింది. అమెరికాలో కార్లు ఎడమవైపు నడుస్తున్నాయి! అమ్మినతను ఫోను ఎత్తడం లేదు.

రీలుమాస్టరు:
ప్రొజెక్టర్ తిప్పి బతికినవాణ్ని, నా మాట వినండి. అసలు సినిమాలోనే ఆ షాట్లను తిప్పి వేశారు. హీరో వెళ్లేది పడమటికి. పటంలో పడమర ఎడమ పక్కన ఉంటుంది కనుక తెర మీదా అటే పోవాలన్నమాట. కుడి స్టీరింగు మనకు అలవాటే కాబట్టి ఇక్కడ చాలామందికి తేడా తెలియదు.

గోదావరిగట్టు:
నాకు తెలిసింది కదండీ. డబ్బు పెట్టినవాడికి పాఠం చెబుతారేమిటి?

లెక్కలమనిషి:
ఆరు రోజులన్నది ఉల్మర్ చెప్పుకున్న గొప్ప. షూటింగు స్క్రిప్టు మీద 14 కెమెరా రోజులని ఉంది.

చీకటిసందు:
ఆరయితే ఏమిటి, పద్నాలుగయితే ఏమిటి? మీరు సినిమా చూస్తారా, హాజరుపట్టీ చూస్తారా?

లెక్కలమనిషి:
ఆరని ఆశ్చర్యార్థకం పెట్టి రాసింది తమరే.

తెల్లారిఆట:
కాపీరైట్ గడువు పొడిగించుకోకపోవడంతో దొరికిన ప్రింటునల్లా ఎవరికి వారు డిస్కులుగా అచ్చేశారు. 2018లో బాగుచేసిన ప్రతి చూడండి. బెల్జియంలో దొరికిన నెగెటివ్ మీది ఫ్రెంచ్, ఫ్లెమిష్ సబ్‌టైటిళ్లను కూడా తుడిచేశారు. నటి ఆన్ శావేజ్ కళ్లలో కసి అందులోనే తెలుస్తుంది.

చీకటిసందు:
నాకు ఆ గీతల ప్రింటే ముద్దు. మధ్యలో మాట తెగి మళ్లీ అందుకుంటుందే, అలాంటి ప్రతులు నాలుగు రకాలు దాచుకున్నాను.

రీలుమాస్టరు:
తెగిన రీలును మురిపెంగా దాచుకునేవాళ్లు ఒక్కరోజైనా అతికి చూడాలి.

గోదావరిగట్టు:
బాగుచేసిన ప్రతిలోనైనా కార్లు కుడివైపు నడుస్తాయా?

రీలుమాస్టరు:
నడవవు. పైన రాసింది మళ్లీ చదవండి.