షార్జాలో టీచర్ ఉద్యోగం, ఇక్కడ ఎం.ఏ., ఇక్కడే పెళ్ళి మాట: మూడూ కలిసి నడుస్తాయా?

నల్లకుంట టీచర్:

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద ప్రశ్నే, ఓపిగ్గా చదవండి.

నాకు 28 ఏళ్ళు. నల్లకుంటలో ఒక ప్రైవేట్ స్కూల్లో హైస్కూల్ పిల్లలకు ఇంగ్లిష్ చెబుతున్నాను. నిరుడు ఇగ్నో దూరవిద్యలో ఎం.ఏ. ఇంగ్లిష్‌కి ఫీజు కట్టాను. ఈ జూన్ పరీక్షల్లో మొదటి ఏడాది పేపర్లు కొన్ని రాశాను, రెండు మిగిలాయి. ఉగాది తర్వాత నిశ్చితార్థం అయింది. ఆయన ఉప్పల్‌లో బ్యాంక్ ఆఫీసర్. మూడేళ్ళుగా ఒకరికొకరం తెలుసు, ఇళ్ళల్లో తర్వాత ఒప్పుకున్నారు.

ఇప్పుడు షార్జాలో ఒక సీబీఎస్ఈ స్కూల్ నుంచి ఆఫర్ వచ్చింది. రెండేళ్ళ కాంట్రాక్ట్, ఆగస్టు చివరి వారంలో చేరాలి. జీతం ఇక్కడికి దాదాపు మూడింతలు. వెళ్ళాలని ఉంది. డబ్బు ఒక్కటే కాదు, నేను ఇప్పటిదాకా తిరుపతి, గోవా దాటి వెళ్ళలేదు. నాలుగు దేశాలు చూడాలని చిన్నప్పటి నుంచీ కోరిక.

పెళ్ళి చేసుకునే వెళ్ళమని మా అమ్మ పట్టు. అత్తయ్యగారు పంచాంగం ముందేసుకుని కూర్చున్నారు. ఈ 2026లో అధిక జ్యేష్ఠం వచ్చింది కాబట్టి ఆషాఢం ఆగస్టు 12 దాకా ఉంది, 13న శ్రావణం. అంటే పెళ్ళయిన పది రోజులకే విమానం ఎక్కాలి. పోనీ తర్వాత చేద్దామంటే, అక్కడ చలికాలం సెలవులు డిసెంబరు మధ్యలో ఇస్తారు, సరిగ్గా అప్పుడే ఇక్కడ ధనుర్మాసం పడుతుంది. మాఘంలో అంటే అక్కడ బోర్డు పరీక్షల టైమ్, సెలవు అడిగినా ఇవ్వరు. వేసవి సెలవులు జూలై, ఆగస్టుల్లో, అందులో సగం మళ్ళీ ఆషాఢమే. అక్కడి సెలవులకీ మన ముహూర్తాలకీ సరిగ్గా పొంతన కుదరడం లేదు.

ఉద్యోగం, చదువు, ఈ దూరం, మధ్యలో ఊళ్ళు తిరగాలన్న ఆశ. ఇన్నీ ఒకేసారి నెత్తికెత్తుకోవడం తప్పంటారా? ఒకటి ఆపాల్సి వస్తే ఏది ఆపమంటారు?

బోడుప్పల్ సైన్స్ సార్:

అమ్మా, సూటిగా చెబుతున్నా, ఏమనుకోకు. ఎం.ఏ. పూర్తి చేసి వెళ్ళు. 26 ఏళ్ళుగా ఈ వృత్తిలో ఉన్నాను. "అక్కడికెళ్ళి చదువుకుంటాను సార్" అని గల్ఫ్‌కి వెళ్ళినవాళ్ళు నా స్టాఫ్‌రూమ్ నుంచే అయిదుగురు. డిగ్రీతో తిరిగొచ్చింది ఒక్కరే.

ఇగ్నో పరీక్షలు జూన్, డిసెంబరుల్లో వస్తాయి. జూన్‌లో అక్కడ నీ పిల్లలకూ పరీక్షలే, పేపర్లు దిద్దుతూ ఉంటావు. డిసెంబరు మొదట్లో స్కూలు నడుస్తూ ఉంటుంది. ప్రతిసారీ ఈ గండం ఉన్నదే. ఇక్కడే ఉంటే ఇంకో ఏడాదిలో అయిపోయే చదువు అది. గల్ఫ్‌లో స్కూళ్ళు ఎక్కడికీ పోవు, ఏటా తీసుకుంటూనే ఉంటారు. పీజీ ఉంటే పై తరగతులకే తీసుకుంటారు, జీతం కూడా ఇంకో మెట్టు పైనుంచే మొదలవుతుంది.

రోలాలో మూడేళ్ళు:

సార్ చెప్పింది నిజమే గానీ సగమే. చెల్లెమ్మా, నేను 2021 నుంచి 2024 దాకా షార్జాలో ఇంగ్లిష్ టీచర్‌ని. ఎం.ఏ. అక్కడి నుంచే పూర్తి చేశాను. ఇప్పుడు సీతాఫల్‌మండిలో ఉంటున్నాను. సార్ లెక్కలో ఆ ఒక్కరిలాంటిదాన్నే అనుకో. ఎలా గడిచిందో ఉన్నదున్నట్టు చెబుతాను.

షార్జాలో 2022 జనవరి నుంచి శుక్ర, శని, ఆదివారాలు మూడు రోజులూ సెలవు. స్కూలు సోమవారం నుంచి గురువారం దాకా. ఇది వినగానే "అబ్బ, వారానికి మూడు రోజులు చదువుకోవచ్చు" అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. కానీ ఆ నాలుగు రోజుల్లోనే అయిదు రోజుల పని చేయించుకుంటారు. పొద్దున 5.50కి బస్సు. బస్ డ్యూటీ కూడా టీచర్లదే, చిన్నపిల్లలను ఎక్కించుకుని లెక్క చూసుకోవాలి. రూముకొచ్చేసరికి సాయంత్రం నాలుగున్నర, అయిదు. గురువారం రాత్రికి ఒళ్ళు హూనం. శుక్రవారం నిద్రకీ బట్టలకీ పోతుంది. శనివారం నోట్‌బుక్కులు, ఒక్కో సెక్షన్‌కి ముప్పై పైనే. ఆదివారం మధ్యాహ్నం నుంచి సోమవారం లెసన్ ప్లాన్ టెన్షన్ మొదలు.

మొదటి ఆరు నెలల్లో నేను పుస్తకం తెరిచింది నాలుగుసార్లు. అప్పుడు నాకు ఒకటి అర్థమైంది. ఉద్యోగంలో ఆలస్యం చేస్తే ప్రిన్సిపాల్ అడుగుతుంది. ఫోన్ చేయకపోతే ఆయన అడుగుతారు. అమ్మ అడుగుతుంది. టూర్‌కి రానంటే రూమ్మేట్లు అడుగుతారు. చదవకపోతే మాత్రం ఎవ్వరూ అడగరు. అందుకే అందరికీ ఇవ్వాల్సిన టైమ్ దానిలోంచే కోసుకుంటూ పోతాం. చదువు ఆగిపోయిందని తెలిసేసరికి పరీక్ష ఫారం గడువు దాటిపోతుంది. దూరం వల్ల మా బంధం దెబ్బతింటుందేమో అని అందరూ భయపెట్టారు. నిజంగా దెబ్బతిన్నది చదువు.

దాన్ని నిలబెట్టింది మా ఆయనే (అప్పటికి ఇంకా పెళ్ళి కాలేదు). ఇగ్నో పుస్తకాలు హైదరాబాద్ అడ్రసుకి వచ్చాయి, వాళ్ళింట్లోనే ఉన్నాయి. నేనున్నప్పుడు అక్కడ వాట్సాప్‌లో కాల్స్ పోయేవి కావు, బోటిమ్ అనే యాప్‌లో మాట్లాడుకునేవాళ్ళం. కానీ వాయిస్ మెసేజ్‌లు మామూలుగానే వెళ్తాయి. ఒకరోజు నేను ఏడ్చినంత పని చేస్తే, ఆయన పద్యాల పేపర్ మొదటి పాఠం చదివి రికార్డు చేసి పంపారు. ఆయనది బీ.కామ్. కవుల పేర్లు కూడా తడబడుతూ పలికేవారు. ఒక్కోటి ఎనిమిది, తొమ్మిది నిమిషాలు. మనకీ వాళ్ళకీ గంటన్నర తేడా, మనమే ముందు. ఆయన పొద్దున ఆరున్నరకి పంపితే నాకు అయిదు. బస్సులో ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినేదాన్ని. రాత్రి "ఇవాళ్టి దాంట్లో ఏముంది చెప్పు" అని అడిగేవారు. అలా చదువుకీ ఒక అడిగే మనిషి దొరికాడు.

అసైన్‌మెంట్లు చేత్తో రాసి, సెలవుల్లో వచ్చేవాళ్ళ చేతికిచ్చి పంపితే ఆయన వెళ్ళి స్టడీ సెంటర్‌లో ఇచ్చేవారు. మార్కుల్లో 30 శాతం వాటికే, వదులుకోకు. ఒక విడతకి రెండు పేపర్లకి మించి పెట్టుకోలేదు. ఎం.ఏ.కి గరిష్ఠంగా నాలుగేళ్ళ గడువుంది, రెండేళ్ళలో పూర్తి చేయాలన్న పంతం మానుకో. డేట్‌షీట్ చూసి, డిసెంబరు సెలవులు మొదలయ్యాక పడే పేపర్లే ఎంచుకునేదాన్ని.

కాబట్టి వెళ్ళు. కానీ చదువు బాధ్యత నీ ఒక్కదాని మీదే వేసుకుని మాత్రం వెళ్ళకు.

కౌంటర్ నంబర్ 3:

నేను ఇక్కడ ఉండిపోయిన వైపు నుంచి మాట్లాడతాను. నేనూ బ్యాంకు ఉద్యోగినే. మా ఆవిడ పెళ్ళికి ముందు రెండేళ్ళు దుబాయ్‌లో టీచర్‌గా చేసింది.

పైన అక్క చెప్పింది బాగుంది, కానీ అక్కడివాళ్ళకి కనపడనిది ఒకటుంది. అక్కడ రోజంతా కొత్త మనుషులు, కొత్త సంగతులు. ఇక్కడ అదే ఉప్పల్ రింగ్ రోడ్డు, అదే టోకెన్ల మిషన్, మధ్యలో ఒక ఖాళీ. ఒక బక్రీద్ సెలవుల్లో తను స్టాఫ్‌తో కలిసి జార్జియా వెళ్ళింది. యూఏఈలో నివాస వీసా ఉన్నవాళ్ళు అప్పట్లో అక్కడికి వీసా లేకుండా వెళ్ళగలిగేవారు, అందుకే టీచర్లంతా మొదట అక్కడికే వెళ్ళేవారు. మంచు కొండల ఫొటోలు వచ్చేసరికి నేను కౌంటర్‌లో ఉన్నాను, ఎదురుగా పెన్షన్ తాతలు లైన్లో ఉన్నారు. తను వెళ్ళినందుకు కాదు నా బాధ. ఆ డబ్బుతో సెప్టెంబరులో నా పుట్టినరోజుకి వస్తానంది. ఆ మాట మర్చిపోయింది. నేనూ గుర్తు చేయలేదు. అలా మనసులో పెట్టుకుని నాలుగు నెలలు ముభావంగా మాట్లాడాను.

కాబట్టి ఆపాల్సింది ప్రయాణాలే. మొదటి ఏడాది మాత్రం ప్రతి టికెట్టూ శంషాబాద్‌కే కొనండి. నాలుగు గంటల ప్రయాణం కూడా కాదు. నిశ్చితార్థం అయిన మనిషికి అంత హక్కు ఉందనే అనుకుంటాను.

తార్నాక తెలుగమ్మాయి:

అన్నా, మీ బాధ అర్థమైంది. కానీ ఒప్పుకోను. ఆవిడ తన ప్రశ్నలో దాపరికం లేకుండా చెప్పిన కోరిక అదొక్కటే, ఊళ్ళు చూడాలని. మొదటగా దానికే కోత పెడుతున్నారు. అబ్బాయి అమెరికా వెళ్తే నయాగరా చూడొద్దని ఎవరైనా అంటారా? ఫొటోలు పెట్టలేదేమని చుట్టాలే అడుగుతారు.

మీ విషయంలో తప్పు జార్జియాది కాదు. ఇచ్చిన మాట మర్చిపోవడం, గుర్తు చేయకుండా ఊరుకోవడం. ఆ రెండూ హైదరాబాద్‌లోనే ఉన్నా జరుగుతాయి. ఆయన కూడా ఒకసారి టూరిస్ట్ వీసా మీద దుబాయ్ వెళ్ళొచ్చు కదా. ప్రతి టికెట్టూ అమ్మాయే కొనాలని ఎక్కడుంది? తను ఉండే గది, తను ఎక్కే బస్సు, తను కూరగాయలు కొనే చోటు ఒకసారి కళ్ళారా చూస్తే, ఫోన్లో చెప్పే మాటలకి ఒక రూపం వస్తుంది.

కౌంటర్ నంబర్ 3:

నేను వెళ్ళలేదు, నిజమే. వెళ్ళాల్సింది. ఆ మాట తీసుకుంటాను. మొదటి ఏడాది విషయంలో మాత్రం నా అభిప్రాయం అదే.

సర్టిఫికెట్ల సంగతి:

మీరంతా మనసుల సంగతి మాట్లాడుతున్నారు, నేను కాగితాల సంగతి చెబుతాను. పదిహేనేళ్ళుగా విదేశాలకు వెళ్ళే టీచర్ల పేపర్లే నా పని.

డిగ్రీ, బీ.ఈడీ. ఒరిజినల్స్‌కి ముందు రాష్ట్రం స్థాయిలో, తర్వాత విదేశాంగ శాఖలో, ఆపైన యూఏఈ ఎంబసీలో అటెస్టేషన్ కావాలి. వారాలు పడుతుంది. ఇవాళే మొదలుపెట్టండి, ప్రతి కాగితం స్కాన్ చేసి దగ్గరుంచుకోండి. రిజిస్టర్డ్ ఏజెంటు సర్వీస్ ఛార్జీగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. లక్ష, రెండు లక్షలు అడిగితే అక్కడితో ఆపేయండి. తెలంగాణ ప్రభుత్వానికే టామ్‌కామ్ అని ఒక సంస్థ ఉంది, అక్కడా కనుక్కోవచ్చు. పాస్‌పోర్టు స్కూలు వాళ్ళు దగ్గర పెట్టుకోకూడదు.

ఈ చర్చకి అసలు పనికొచ్చేవి రెండు. ఒకటి, యూఏఈలో 2022 ఫిబ్రవరి నుంచి అమలైన కార్మిక చట్టం ప్రకారం ప్రొబేషన్ ఆరు నెలలు మించకూడదు. ఆ లోపల కుదరక దేశం వదిలి తిరిగి వచ్చేయాలనుకుంటే 14 రోజుల ముందు రాతపూర్వకంగా చెబితే చాలు. వెళ్తే రెండేళ్ళు ఇరుక్కుపోతామన్న భయం అక్కర్లేదు. రెండు, ఆ చట్టంలో చదువుకునేవాళ్ళకి ఏడాదికి పది పనిదినాల సెలవు ఉంది. కానీ అది అక్కడ గుర్తింపున్న విద్యాసంస్థలో చదివేవాళ్ళకే, అదీ ఆ యాజమాన్యం దగ్గర రెండేళ్ళ సర్వీసు నిండాకే. మీ ఇగ్నో పరీక్షలకు అది వర్తించదు. కాబట్టి సంతకం పెట్టకముందే పరీక్షల సెలవు ఈమెయిల్‌లో అడిగి, జవాబు రాతలో తెప్పించుకోండి. చేరాక అడిగితే మొహమాటానికి కూడా ఒప్పుకోరు.

బోడుప్పల్ సైన్స్ సార్:

ఆ ఈమెయిల్ మాట నాకు నచ్చింది. సెలవు ఇస్తామని రాసిస్తే వెళ్ళమ్మా, నేను అడ్డు చెప్పను. ఇవ్వమంటే మాత్రం ఒక ఏడాది ఆగు. రోలా అమ్మాయికి ఆ అబ్బాయి దొరికాడు, బాగుంది. అందరికీ పొద్దున్నే లేచి పాఠం చదివి పెట్టేవాడు దొరకడు, అది కూడా లెక్కలో ఉండాలి.

నల్లకుంట టీచర్:

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. రాత్రి ఇదంతా ఆయనకి ఫోన్లో చదివి వినిపించాను. కౌంటర్ నంబర్ 3 అన్నగారు రాసిన చోట చాలాసేపు మాట్లాడలేదు. "ఫొటోలు నాకు మాత్రం ముందు పంపు, స్టేటస్‌లో తర్వాత పెట్టుకో" అన్నారు. అది ఒప్పుకున్నాను.

పెళ్ళి శ్రావణంలో వద్దనుకున్నాం. పది రోజుల కాపురం చేసి వెళ్ళడం నాకు ఇష్టం లేదు, ఆయనకీ లేదు. అమ్మకి ఇంకా చెప్పలేదు. ఆదివారం ఇద్దరం కలిసి కూర్చుని చెప్పాలి, అదే పెద్ద టెన్షన్.

డిసెంబరులో ఆ మిగిలిన రెండు పేపర్లే పెట్టుకుంటాను. ఆయన డిసెంబరులో కాకుండా అక్టోబరులో దసరాకి రెండు రోజులు సెలవు కలుపుకుని షార్జా వస్తానంటున్నారు.

నిన్న సాయంత్రం స్కూలుకి ఈమెయిల్ పెట్టాను, పరీక్షలకి నాలుగు రోజుల సెలవు కావాలని, జీతం కోసుకున్నా ఫర్వాలేదని. ఆఫర్ లెటర్ మీద సంతకానికి గురువారం దాకా టైముంది. వాళ్ళ జవాబు రాగానే ఇక్కడ రాస్తాను.