ఎగిరే ఉడుత నిజంగా ఎగురుతుందా?

ప్రశ్న పెట్టినవారు:
అందరికీ నమస్కారం. చెట్ల మీద బతికే జంతువుల గురించి పిల్లల కోసం ఒక వ్యాసం రాస్తున్నాను. 'ఎగిరే ఉడుత' అని రాయగానే ఎడిటర్ గారు దాని కింద ఎర్ర గీత పెట్టారు. అది రెక్కలాడించదు, పైకి లేవదు, ఎంతసేపూ కిందికే వస్తుంది, కాబట్టి ఎగరడం కాదు అంటారు. మరి ఏమనాలి? ఇంగ్లీషులో గ్లైడింగ్ అనే ఈ పనికి సరిగ్గా అతికే క్రియ మనకి ఉందా? అసలు ఆ జంతువులకి ఈ విద్య ఎందుకు అబ్బిందో కూడా రాయాలి. శక్తి ఆదా కోసం అని రాసి పెట్టుకున్నాను. అది సరైనదేనా?

ఒక సభ్యుడు:
గ్లైడింగ్ అనే రాసెయ్యండి. బస్సుని బస్సు అనట్లేదా?

మరో సభ్యురాలు:
'గాలిలో తేలడం' అని చాలామంది రాస్తుంటారు. నాకైతే నచ్చదు. తేలేదానికి బరువు తెలియదు, అది ఉన్న ఎత్తులోనే ఉంటుంది. ఇక్కడ జంతువు క్షణక్షణం కిందికి దిగుతూనే ఉంది కదా. 'జారడం'లో దిగడం ఉంది గానీ మన ప్రమేయం లేనట్టు వినిపిస్తుంది. కాలు జారింది, నోరు జారింది అంటాం. ఈ ఉడుత చూసుకుని, లెక్క వేసుకుని మరీ దూకుతుంది.

జువాలజీ చెప్పే సభ్యుడు:
ఎడిటర్ గారి ఎర్ర గీతతో నాకు పేచీ ఉంది. 'ఎగురు' అంటే రెక్కలాడించడం ఒక్కటేనా? 'ఎగిరి అందుకున్నాడు', 'ఎగిరి గంతేశాడు' అంటే ఎవరికీ రెక్కలు గుర్తుకు రావు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగురుతానందట అన్న సామెతలో ఉట్టికి ఎగరడమంటే గెంతడమే. అంటే గెంతడానికీ పిట్ట ప్రయాణానికీ మనం ఒకే క్రియ వాడుతున్నాం. గ్లైడింగ్ కథ కూడా గెంతుతోనే మొదలవుతుంది, అందుకే ఆ మాట తప్పని నేననను.

కొమ్మ నుంచి కొమ్మకు దూకే మామూలు ఉడుతని చూడండి. గాలిలో ఉన్నప్పుడు నాలుగు కాళ్లూ బార్లా చాపుతుంది, ఒళ్లు పల్చన చేస్తుంది. అంతమాత్రానికే పడే వేగం కొంచెం తగ్గుతుంది. అలాంటి జంతువుకి చంక దగ్గర చర్మం కాస్త వదులుగా ఉందనుకోండి, దూకు జానెడు పెరుగుతుంది, లేదా గురి తప్పినప్పుడు దెబ్బ తక్కువ తగులుతుంది. ఎగిరే ఉడుతకి కాళ్ల మధ్య సాగే చర్మపు పొర అలాంటిదే. సగం పొర వల్ల ఏం లాభం అని చాలామంది అడుగుతారు. సగం కాదు, పావు పొరకీ లాభముంది. ఎత్తున బతికే జీవికి పడిపోవడం ఏ రోజైనా జరగగల ప్రమాదం, కాబట్టి ఆ చిన్న లాభమే తరతరాలుగా పోగుపడుతుంది.

అసలు పొరే లేకుండా ఈ పని చేసేవి కూడా ఉన్నాయి. మధ్య, దక్షిణ అమెరికా అడవుల్లో చెట్ల పైకప్పులో బతికే ఒక రకం చీమలున్నాయి. వాటికి రెక్కలుండవు. పడుతున్నప్పుడు స్పష్టంగా కనబడాలని శాస్త్రవేత్తలు వాటి వెనక కాళ్లకి తెల్లరంగు వేసి కొమ్మల మీద నుంచి వదిలారు. కాసేపు నిటారుగా పడ్డాక అవి ఒళ్లు తిప్పుకుని, కడుపు భాగం ముందు పెట్టుకుని, అంటే వెనక్కి నడిచినట్టుగా, తమ చెట్టు బోదె వైపే మళ్లాయి. చాలావరకు దాన్నే పట్టుకున్నాయి కూడా. 2005లో వచ్చింది ఈ పరిశోధన. నేల మీద పడిన చీమ మళ్లీ గూటికి చేరడం కష్టం, దారిలో తినేసేవాళ్లు బోలెడు. పడేటప్పుడు దారి మళ్లించుకోవడం ముందు, పొర తర్వాత అనే వాదానికి నాకు బాగా నచ్చిన సాక్ష్యం ఇదే.

ప్రశ్న పెట్టినవారు:
భలే ఉంది మాస్టారూ. మరి శక్తి ఆదా సంగతి? చెట్టు దిగి, నేల మీద నడిచి, మళ్లీ ఇంకో చెట్టు ఎక్కడం కన్నా గాలిలో వెళ్లిపోవడం చవక కదా?

జువాలజీ చెప్పే సభ్యుడు:
వినడానికి సబబుగానే ఉంటుంది. చాలాకాలం పుస్తకాల్లోనూ అలాగే రాశారు. కానీ కొలూగో దగ్గర ఈ లెక్క తిరగబడింది. కొలూగో ఆగ్నేయాసియా జంతువు. గ్లైడింగ్ చేసే క్షీరదాల్లో దానంత పెద్ద పొర ఇంకో దానికి లేదు. మెడ దగ్గర మొదలై వేళ్ల చివర్ల దాకా, తోక కొస దాకా పరుచుకుని ఉంటుంది. ఒక్క దూకులో 130 మీటర్లకు పైగా వెళ్లినట్టు నమోదైంది. అడవిలో తిరిగే కొలూగోల వీపుల మీద చిన్న పరికరాలు అంటించి, అవి ఎంత ఎక్కుతున్నాయో, ఎంత దూరం వెళ్తున్నాయో కొలిచారు. 2011లో ఫలితాలు వచ్చాయి. గాలిలో ఖర్చు తక్కువే. కానీ అంత దూరం వెళ్లాలంటే ముందు ఎత్తు సంపాదించుకోవాలి, బరువుని పైకి మోసుకెళ్లడానికే బోలెడు శక్తి పోతుంది. మొత్తం కలిపితే కొమ్మల మీదుగా అదే దూరం వెళ్లడం కన్నా ఖర్చు ఎక్కువే తేలింది. మిగిలింది సమయం. నిమిషాల ప్రయాణం సెకన్లలో అయిపోతుంది, ఆ మేరకు మేతకి వ్యవధి దొరుకుతుంది, దారిలో పిల్లికో పాముకో దొరికే అవకాశమూ తగ్గుతుంది.

కాబట్టి 'శక్తి ఆదా కోసం' అనే వాక్యం కొట్టేయండి. అన్ని జంతువులకీ ఒకే కారణం అని కూడా రాయకండి. ఆస్ట్రేలియాలోని గ్రేటర్ గ్లైడర్ అనే గ్లైడింగ్ జంతువు యూకలిప్టస్ ఆకులు తింటుంది. సారం లేని తిండి, దాని జీవితమే పొదుపు. గ్లైడింగ్ చేసే డ్రాకో బల్లులు పట్టపగలు చీమలు తింటూ, ఒక మగది ఇంకో మగదాన్ని తరుముతూ చెట్టు మారతాయి. ఈ రెండింటికీ ఒకే అవసరం ఉంటుందని నేననుకోను.

వేరొక సభ్యురాలు:
ఆగ్నేయాసియాలో ఇవి ఇన్ని ఉండి, అమెజాన్ అడవుల్లో గ్లైడింగ్ చేసే క్షీరదం ఒక్కటీ లేకపోవడానికి కారణమేమిటండి? అక్కడా చెట్లే కదా.

జువాలజీ చెప్పే సభ్యుడు:
మంచి ప్రశ్న వేశారు మేడమ్, దీని మీద ఇంకా గొడవ నడుస్తోంది. 1983లో వచ్చిన ఒక వాదం ప్రకారం తేడా అంతా అడవి కట్టుబడిలో ఉంది. అడవితీగలు దట్టంగా అల్లుకుంటే చెట్ల మధ్య దారులు ఏర్పడతాయి, దూకే అవసరం తగ్గుతుంది. ఆగ్నేయాసియా అడవుల్లో తీగలు తక్కువ, చెట్లు చాలా ఎత్తు, కొమ్మల మధ్య ఖాళీలు ఎక్కువ. అక్కడ దూకడమే దారి. దక్షిణ అమెరికాలో మాత్రం తోకతో కొమ్మని పట్టుకునే జంతువులు ఎక్కువయ్యాయి. కోతుల్లో స్పైడర్ మంకీ, హౌలర్ మంకీ అలాంటివే.

నాకు ఈ వాదం సగమే నచ్చింది. ఆఫ్రికాలో తీగలు దట్టంగా ఉన్న అడవుల్లోనూ అనోమల్యూర్ అనే గ్లైడింగ్ జంతువులున్నాయి. భూగోళం ఉత్తర భాగంలో మంచు కురిసే పైన్ అడవుల్లో ఎగిరే ఉడుతలున్నాయి. ఇంకా వెనక్కి వెళ్తే, చైనాలో దొరికి 2017లో వెలుగులోకి వచ్చిన శిలాజాల్లో సుమారు 16 కోట్ల ఏళ్ల నాటి క్షీరదాల చర్మపు పొర ముద్రలు కనిపించాయి. ఇప్పటి అడవులు ఏర్పడడానికి చాలా ముందే ఈ విద్య పుట్టి, అంతరించి, మళ్లీ పుట్టిందన్నమాట. ఇవాళ్టి అడవి తీరు ఇవి ఎక్కడ నిలబడ్డాయో చెబుతుంది, మొదట ఎందుకు పుట్టాయో చెప్పదు.

వేర్వేరుగా పుట్టిందని పొర చూస్తేనే తెలిసిపోతుంది. ఎగిరే ఉడుతకి మణికట్టు దగ్గర నుంచి ఒక మృదులాస్థి పుల్ల బయటికి పొడుచుకు వచ్చి పొరని చాపుతుంది. అనోమల్యూర్‌కి అలాంటి పుల్లే మోచేయి దగ్గర మొదలవుతుంది. ఆస్ట్రేలియా వైపు ఉండే షుగర్ గ్లైడర్ అనే చిన్న జంతువుకి పుల్ల లేదు, పొర చిటికెనవేలి దాకా వస్తుంది. గ్రేటర్ గ్లైడర్‌కి మోచేతితోనే ఆగిపోతుంది. డ్రాకో బల్లి ఏకంగా పక్కటెముకలనే బయటికి చాపింది.

రిటైరైన తెలుగు మాస్టారు:
నాయనా, అందరూ 'ఎగురు' దగ్గరే ఆగిపోయారు. 'వాలు' ఎవరికీ తట్టలేదేం? ఏటవాలు అన్నా, వాలుకుర్చీ అన్నా ఒరిగి ఉన్నదని అర్థం. పొద్దు వాలిందంటే కిందికి దిగిందని. పిట్ట కొమ్మ మీద వాలింది అంటే వచ్చి దిగింది. ఒరగడం, దిగడం, చేరడం మూడూ ఒక్క మాటలో ఉన్నాయి. మీ ఉడుత చేసేది అదే కదా! 'వాలుగా ఎగురుతుంది' అని రాయండి, ఎడిటర్ గారు కూడా కాదనరు.

జువాలజీ చెప్పే సభ్యుడు:
నమస్కారం మాస్టారూ. నాకూ తట్టలేదు. ఉడుత ఒక మీటరు దిగితే సుమారు రెండు మీటర్లు ముందుకెళ్తుంది, కాబట్టి 'వాలుగా' అన్నది లెక్కకీ సరిపోతుంది. చేరేటప్పటి తీరు మాత్రం పిట్టకన్నా వేరు. బోదె దగ్గరికి రాగానే ఒళ్లు ఒక్కసారి పైకి ఎత్తి, పొరని పారాచూట్‌లా గాలికి అడ్డం పెడుతుంది, నాలుగు పాదాలూ బోదెకి తాకుతాయి. కొలూగోల్లో దూరం ఎక్కువైన కొద్దీ దెబ్బ తీవ్రత తగ్గడం కనిపించింది, ఒళ్లు సర్దుకోవడానికి వ్యవధి దొరుకుతుంది కదా. ఉడుతైతే వాలీ వాలగానే బోదె వెనక్కి పరిగెడుతుంది. వెంటపడి వచ్చే గుడ్లగూబకి చిక్కకుండా అని చాలామంది అనుకుంటారు.

ప్రశ్న పెట్టినవారు:
మాస్టారూ, 'వాలుగా ఎగురుతుంది' తీసుకుంటున్నాను. జంతువు పేరు 'ఎగిరే ఉడుత'గానే ఉంచుతాను. ఒక్క చిక్కు మిగిలింది. నా వ్యాసంలో ఎగిరే పాము కూడా ఉంది. దానికి పొరా లేదు, చాపడానికి కాళ్లూ లేవు. దానికీ అదే మాట వాడనా?

జువాలజీ చెప్పే సభ్యుడు:
వాడొచ్చు. అది కొమ్మకి వేలాడి, ఒంటిని కొక్కెంలా వంచి, ఒక్క ఊపుతో పైకి విసురుకుంటుంది. అంటే ఉట్టికి ఎగిరినట్టు నిజంగానే ఎగురుతుంది. గాలిలోకి రాగానే పక్కటెముకలు విప్పార్చి ఒళ్లంతా బల్లపరుపు చేస్తుంది, కింది వైపు కాస్త గుంట పడుతుంది. అంటే దాని ఒళ్లే పొర. ఆ తర్వాత నేల మీద పాకినట్టే మెలికలు తిరుగుతుంది. అది అలవాటు కొద్దీ చేసే పని అనుకునేవాళ్లం. ఆ మెలికలు తీసేస్తే పాము గాలిలో పల్టీ కొట్టేస్తుందని 2020లో కంప్యూటర్ నమూనాలతో చూపించారు. పిల్లలకి ఆ వాక్యం తప్పకుండా పెట్టండి.