రెండు డిస్కులే ఉన్నాయి: మిర్రర్ పెట్టాలా, రెండోదాన్ని విడిగా ఉంచాలా?

ఫొటోపెట్టె:
ఆఫీసులో వాడి తీసేసిన చిన్న డెస్క్‌టాప్ ఒకటి చేతికొచ్చింది. 8 జీబీ ర్యామ్, కొత్త 4 టీబీ డిస్కులు రెండు. ఇంట్లో ల్యాప్‌టాప్‌ల బ్యాకప్‌లు, అందరి ఫోన్లలోని ఫొటోలు ఇందులోకి రావాలి. ట్రూనాస్ (స్టోరేజీ సర్వర్లకి వాడే ఆపరేటింగ్ సిస్టం) వేద్దామనుకుంటున్నాను. రెండింటినీ మిర్రర్ చేయమని (ఒకే డేటా రెండిట్లోనూ ఒకేసారి రాయమని) కొందరు, వద్దని కొందరు. మూడో డిస్కు ఇప్పట్లో కొనలేను. ఏది మేలు?

జడ్ఎఫ్ఎస్ అభిమాని:
మిర్రరే. డిస్కు ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. పోయినా ఇంట్లోవాళ్లకి తెలియకుండా పని నడిచిపోవాలి. పైగా ట్రూనాస్ వాడే ఫైల్ సిస్టం జడ్ఎఫ్ఎస్ ప్రతి బ్లాకుకీ చెక్‌సమ్ (డేటా చెడిందో లేదో పోల్చి చూసే సంఖ్య) రాసుకుంటుంది. నెలకోసారి స్క్రబ్ నడిపితే డేటా అంతా చదివి, ఒక డిస్కులో చెడిన బ్లాకుని రెండోదాన్నుంచి తెచ్చి బాగుచేస్తుంది. డిస్కు ఒక్కటే ఉంటే ఫలానా ఫైలు పాడైందని చెప్పి ఊరుకుంటుంది.

సీతాకోక:
నిజమే, కానీ ఆయన అడిగింది బ్యాకప్ గురించి. మిర్రర్ కాపాడేది డిస్కు చెడిపోవడం నుంచి మాత్రమే. ఫోల్డర్ పొరపాటున డిలీట్ చేస్తే రెండు డిస్కుల్లోనూ ఒకేసారి పోతుంది. రెండూ ఒకే పెట్టెలో ఉంటాయి కాబట్టి పవర్ సప్లై కాలినా, దొంగ ఎత్తుకుపోయినా రెండూ పోవచ్చు.

బ్యాకప్ సర్వర్ రెండు రోజులు ఆగితే కొంపేం మునగదు, అసలు ఫైళ్లు ల్యాప్‌టాప్‌లలో ఉంటాయి కదా. ఆగకుండా నడవాలంటే మిర్రర్ కావాలి. మనకి కావాల్సింది ఇంకో కాపీ. నేనైతే ఒక డిస్కు సర్వర్లో ఉంచి, రెండోదాన్ని యూఎస్‌బీ ఎన్‌క్లోజర్‌లో పెడతాను. వారానికోసారి తగిలించి, స్నాప్‌షాట్ (ఆ క్షణంలో డేటా ఉన్న స్థితి) తీసి, జడ్ఎఫ్ఎస్ సెండ్‌తో మారిన బ్లాకులు మాత్రం పంపి, పూల్ (డిస్కు మీద జడ్ఎఫ్ఎస్ కట్టే నిల్వ) ఎక్స్‌పోర్ట్ చేసి, అంటే సురక్షితంగా విడదీసి, తీసేస్తాను. మొదటిసారి గంటలు పడుతుంది. తర్వాత నిమిషాల పనే.

జడ్ఎఫ్ఎస్ అభిమాని:
డిలీట్‌కి స్నాప్‌షాట్లు ఉన్నాయి కదండీ. వాటిని చదవగలమే గానీ మార్చలేం. ల్యాప్‌టాప్‌కి రాన్సమ్‌వేర్ పట్టి సర్వర్‌లోని షేర్డ్ ఫోల్డర్ అంతా ఎన్‌క్రిప్ట్ చేసినా, నిన్నటి స్నాప్‌షాట్‌కి వెళ్లొచ్చు. ఇక వారం వారం డిస్కు తగిలించడమంటారా, రెండు నెలలు చేస్తారు, ఏదో ప్రయాణం వస్తుంది, మర్చిపోతారు. చేతిపనిని నమ్ముకున్న బ్యాకప్ నిలబడదు.

సీతాకోక:
మర్చిపోవడమే ఈ పద్ధతిలో పెద్ద లోపం, కాదనను. కానీ స్నాప్‌షాట్లు ఉండేదీ అదే పూల్‌లో. పూల్ పోతే అవీ పోతాయి. అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరికైనా చిక్కితే వాటినీ చెరిపేస్తారు.

వీలైతే రెండో డిస్కుని వేరే ఇంట్లో ఇంకో పాత మెషీన్‌కి పెట్టండి. రాత్రి అదే వచ్చి సర్వర్ నుంచి డేటా లాక్కోవాలి. దాని పాస్‌వర్డ్ సర్వర్ దగ్గర ఉండకూడదు. అప్పుడు సర్వర్‌లోకి ఎవరు చొరబడ్డా ఆ కాపీని ముట్టుకోలేరు.

రిపేర్ బెంచ్:
వాదన ఎటు తేలినా, ముందు ఆ డిస్కులు సీఎంఆరా (ట్రాకులు విడివిడిగా రాసేవి), ఎస్ఎంఆరా (ట్రాకులు కొంత ఒకదానిమీదొకటి పడేలా రాసేవి) చూడండి. మిర్రర్‌లో పోయినదాని బదులు ఎస్ఎంఆర్ డిస్కు పెడితే రీసిల్వర్ (కొత్త డిస్కులోకి డేటా తిరిగి నింపడం) నత్తనడక నడుస్తుంది. స్మార్ట్ రిపోర్టులో (డిస్కు తన ఆరోగ్యం గురించి ఇచ్చే లెక్కలో) 5, 197 నంబర్ల (చెడిన, చెడేలా ఉన్న సెక్టర్ల) విలువలు సున్నా దాటి పెరుగుతుంటే ఆ డిస్కుని నమ్మొద్దు. ఈసీసీ (తప్పుల్ని తనే దిద్దుకునే) మెమరీ ఉంటే మంచిదే, లేదని ఆగక్కర్లేదు. యూఎస్‌బీ డిస్కుల మీద మాత్రం మిర్రర్ కట్టకండి, కేబుల్ కాస్త కదిలినా డిస్కు పూల్‌లోంచి జారిపోతుంది.

ఫొటోపెట్టె:
ఒక్క సంగతి. ఫోన్లలో జాగా చాలక, సర్వర్‌లోకి ఎక్కాక ఫొటోలు ఫోన్‌లోంచి తీసేద్దామనుకుంటున్నాం. అప్పుడెలా?

సీతాకోక:
అయితే ఆ ఫొటోలకి సర్వర్ బ్యాకప్ కాదండీ, అసలు కాపీయే అది! మిర్రర్ పెట్టినా ఒక్క కాపీ కిందే లెక్క. పిల్లల చిన్ననాటి ఫొటోలు మళ్లీ తీయలేం. ల్యాప్‌టాప్‌ల బ్యాకప్‌లు వదిలేసినా సరే, ఫొటోల డేటాసెట్ (పూల్‌లో ఫొటోలకి కేటాయించిన భాగం) మాత్రం రెండో డిస్కుకి వెళ్లి తీరాలి.

జడ్ఎఫ్ఎస్ అభిమాని:
ఫోన్లలో తీసేస్తారంటే నా సలహా కూడా మారుతుంది. రెండోది విడిగానే ఉంచండి. ఫొటోల డేటాసెట్‌కి కాపీస్ 2 అని పెట్టండి, ఒక్క డిస్కు మీదే ప్రతి బ్లాకూ రెండుచోట్ల రాస్తుంది, స్క్రబ్ బాగుచేయగలుగుతుంది. జాగా రెట్టింపు పడుతుంది. ఫొటోలు ఎక్కించకముందే పెట్టాలి, ముందు రాసిన ఫైళ్లకి వర్తించదు. చివరి సెండ్ అయ్యి పది రోజులు దాటితే మెయిల్ వచ్చేలా చిన్న స్క్రిప్టు కూడా క్రాన్‌లో (వేళకి పనులు తానే నడిపే ప్రోగ్రాములో) పెట్టుకోండి.

ఫొటోపెట్టె:
అలాగేనండీ, రెండోది ఎన్‌క్లోజర్‌లోకే. వేరే ల్యాప్‌టాప్‌ని లినక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, ఆ డిస్కు పూల్ ఇంపోర్ట్ చేసి, ఫొటోలు తెరుచుకుంటున్నాయో లేదో చూస్తాను. అప్పటిదాకా ఫోన్లలో ఒక్కటి కూడా తీయొద్దని ఇంట్లో చెప్పేశాను.