డి.పి. ధర్: యుద్ధానికి ముందు, తర్వాత

ప్రశ్న: 1971 భారత్-పాకిస్తాన్ యుద్ధకాలపు దౌత్యంలో దౌత్యవేత్త డి.పి. ధర్ గారి పాత్ర ఎంతటిదో, ఆ యుద్ధం తర్వాత 1972లో పాకిస్తాన్‌తో జరిగిన సిమ్లా చర్చలను ఆయన చివరిదాకా ఎందుకు నడపలేకపోయారో తెలిసినవారు దయచేసి వివరించగలరా?

జవాబు: మాస్కోలో మన రాయబారిగా ఉన్నప్పుడే ఆయన భారత్-సోవియట్ మైత్రీ ఒప్పందానికి రంగం సిద్ధం చేశారు; 1971 ఆగస్టు 9న ఢిల్లీలో మన విదేశాంగ మంత్రి స్వరణ్ సింగ్, సోవియట్ విదేశాంగ మంత్రి గ్రొమికో సంతకాలు చేసిన ఆ ఒప్పందంలోని 9వ అధికరణం, ఏ పక్షంపైనైనా దాడి జరిగినా, దాడి ముప్పు ఏర్పడినా, ఇరుదేశాలు వెంటనే సంప్రదింపులు జరపాలని చెప్పింది. నా దృష్టిలో ఆ ఒక్క వాక్యమే ఆనాడు మనకు కొండంత అండ.

మరొకరి జవాబు: సిమ్లాలో చర్చల మధ్యలో ధర్ గారు అస్వస్థులు కావడంతో ప్రధాని ఇందిరా గాంధీ ముఖ్య కార్యదర్శి పి.ఎన్. హక్సర్ గారు ఆ బాధ్యత చేపట్టారు.

ప్రశ్నించినవారు: ధన్యవాదాలండీ. యుద్ధఖైదీల విషయం కూడా అక్కడే తేలిందా?

జవాబు: లేదండీ. సుమారు 93,000 మంది పాకిస్తాన్ ఖైదీల విడుదలకు 1973 ఆగస్టులో భారత్, పాకిస్తాన్‌లు చేసుకున్న ఢిల్లీ ఒప్పందంతోనే దారి ఏర్పడింది.