44 ఏండ్లకు డ్రైవింగ్ టెస్ట్: బండి తోలొస్తది గానీ బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అంటేనే కాళ్లు వణుకుతున్నయ్

పానగల్లు_టీచరమ్మ:
అందరికి నమస్తే. మాది నల్లగొండ, కనగల్ దిక్కు ఒక సర్కారు బడిల టీచర్ని. ఇన్నేండ్లు షేర్ ఆటోలనే పోయొచ్చిన, అది నిండేదాక కదలడు, ఎండకాలం ఒంటిపూట బడి అయితే ఇంకా తిప్పలు. మా ఆయన డ్యూటీ హైద్రాబాద్‌ల, శనివారం వస్తడు సోమవారం పోతడు. ఇట్ల కాదని సెకండ్ హ్యాండ్ వ్యాగనార్ తీసుకున్నం, డ్రైవింగ్ స్కూల్‌కు పోయి నేర్చుకున్న, ఎల్‌ఎల్‌ఆర్ (లర్నింగ్ లైసెన్స్) గూడ వచ్చింది, 40 దాటినోళ్లకు డాక్టర్ సంతకంతోని ఫామ్ 1ఏ అడుగుతరు కదా అదీ అయిపోయింది.

ఇగ అసలు సంగతి. ఒక్కదాన్నే ఉంటే, లేదంటే మా బిడ్డ పక్కన కూసుంటే, బండి మంచిగనే తోల్త (ఎల్ బోర్డు మీద ఒక్కదాన్నే తోలొద్దని తెల్సు, ఖాళీ గ్రౌండ్ల సంగతి చెప్తున్న, తిట్టకుండ్రి). కానీ పక్కన మొగోళ్లు ఎవరన్న కూసొని గమనిస్తుండ్రు అనిపిస్తే చాలు ఎడమ కాలు వణుకుడు మొదలైతది, క్లచ్ ఒక్కసారే వదుల్త, బండి ఎగిరి ఆగిపోతది, వెనకోడు హారన్ కొడ్తడు, ఇగ నాకు ఫస్ట్ గేర్ యాడుందో గూడ యాదికి రాదు. టెస్ట్ కాడ లైన్ల నిలబడేటోళ్లంత 18, 20 ఏండ్ల పోరగాండ్లేనట, అండ్ల నా దగ్గర చదివినోళ్లు గూడ ఉంటరు, ఖాయం. నేను హెచ్ ఆకారం ట్రాక్‌ల బండి ఆపుకొని కూసుంటే వాళ్లు చూసుడు తల్సుకుంటేనే అన్నం పోతలేదు. ఇంతకుముందు స్లాట్ బుక్ చేసి జ్వరమని చెప్పి పోనే పోలే. ఎల్‌ఎల్‌ఆర్ 6 నెలలే కదా, ఆ గడువు దగ్గరికొస్తుంది. ఆటోమేటిక్ బండి మీద పోతే బెటరా? భయం తగ్గనీకి గోలీ ఏదన్న ఉంటదా? పెద్దయినంక నేర్చుకున్నోళ్లు ఉంటే చెప్పుండ్రి.

పాలమూరు_చిన్నోడు:
ఏందక్కా గింత దానికి ఇంత టెన్షనా. ఏజెంట్‌ను పట్టుకుంటే అంత వాళ్లే చూసుకుంటరు, ఊకె ఎందుకు ఆగం అయితవు.

స్టీరింగ్_బాబాయ్:
చిన్నోడా, కార్డు ఏజెంట్ తెచ్చిస్తడు సరే, రేపు దేవరకొండ రోడ్డు మీద ఎదురుంగ పత్తి లారీ వస్తే ఆయన వచ్చి బ్రేక్ తొక్కుతడా? ఆమె లైసెన్స్ అడుగుతలేదు, ధైర్యం అడుగుతుంది. జర చదివి రాయి.

అమ్మా టీచరమ్మా, నేను శానా ఏండ్లు లారీ తోలి, ఇప్పుడు సూర్యాపేటల పిల్లలకు కారు నేర్పుతున్న. నీ అసొంటోళ్లు మస్తుమంది వస్తరు, పెద్ద వయసోళ్లకు రోడ్డు భయం తక్కువనే ఉంటది, నలుగురు చూస్తరన్న భయమే ఎక్కువ. అది మాటలతోని పోదు, కాళ్లకు పని చెప్తే పోతది. ముందుగాల సీటు చూస్కో. క్లచ్ మొత్తం తొక్కినా మోకాలు జర వంగే ఉండాలె. సీటు దూరం ఉంటే కాలు గాల్ల ఉంటది, గాల్ల ఉన్న కాలు ఎవ్వరికైనా వణుకుతది, బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కైనా. మడిమ నేలకు ఆనించి మునివేళ్ల కాడి పాదంతోని క్లచ్ వదులు. ఇదొక్కటి అలవాటైతే నీ వణుకు సగం పోతది, రాసిపెట్టుకో.

ఇంకోటి, హెచ్‌ల, 8ల ఎక్స్‌లేటర్ జోలికి పోకు. నేల సాపుగ ఉంటే పెట్రోల్ బండి హాఫ్ క్లచ్ మీదనే చీమ లెక్క పాకుతది, రివర్స్‌ల గూడ అంతే. టెన్షన్ల మనిషి ఏం జేస్తదంటే తొందరగ అయిపోవాలని కుడి కాలు ఒత్తుతది, అండ్లనే తప్పులైతయ్. నెమ్మదిగ పోతే మామూలుగ ఎవరూ ఫెయిల్ చెయ్యరు, గీత తొక్కితేనే, బండి ఆపుకుంటేనే కష్టం. ఎత్తు మీద ఆపి మళ్ల కదిలించుమంటే హ్యాండ్‌బ్రేక్ గుంజి ఫస్ట్ గేర్ల హాఫ్ క్లచ్‌కు తే, ఇంజిన్ సప్పుడు మారి బానెట్ జరంత లేస్తది, అప్పుడు హ్యాండ్‌బ్రేక్ వదులు, వెనక్కి జారదు. కూసోంగనే బెల్టు, అద్దాలు, కదిలేముందు ఇండికేటర్, వాళ్లు ఇవి గూడ చూస్తరు.

ట్రాక్ ఒక్కో కాడ ఒక్కో తీరు ఉంటది, అందుకే టెస్ట్ ముందురోజు పోయి బయట నిలబడి ఓ గంట చూడు. పోరగాండ్లు ఎన్నిసార్లు ఆపుకుంటరో నువ్వే చూస్తవు.

జడ్చర్ల_వదిన:
బాబాయ్ చెప్పింది నిజం. నాకు 50 దాటినంక వచ్చింది లైసెన్స్, మా ఆయన పోయినంక కారు షెడ్డుల ఊకెనే ఉంటే మా కొడుకు అమ్ముదాం అన్నడు, నేను వద్దన్న. నాది నీలెక్కనే, తోలుడు వస్తది, మనుషులు చూస్తేనే రాదు. అందుకని ఏం చేసిన్నంటే కాలనీల మా వాడకట్టు అమ్మలక్కలు సాయంత్రం అరుగు మీద కూసుంటరు కదా, ఆళ్ల ముంగటనే రోజు రివర్స్ చేసుడు పెట్టుకున్న. కావాల్నని. అండ్ల ఒకామె ఉంటది, ఎవరింట్ల ఏ కూర వండిండ్రో గూడ చెప్పగల్గుతది, ఆమె చూపు ముంగట బండి తిప్పినంక ఇగ ఏ ఆఫీసర్ అయినా ఒకటే అనిపించింది. మొదట్ల నవ్విండ్రు, నాలుగు మాటలన్నరు, తర్వాత ఆళ్లకే బోర్ కొట్టి సీరియల్ ముచ్చట్లల్ల పడ్డరు. నువ్వు చూసేటోళ్లు లేని కాడ ప్రాక్టీస్ చేస్తున్నవ్, టెస్ట్ ఏమో చూసేటోళ్ల ముంగట. అదీ తేడా. స్టాఫ్‌రూంల పీఈటీ సార్ ఎవరన్న ఉంటే పక్కన కూసోమను, మాట్లాడొద్దని చెప్పు, చేతుల పెన్ను పేపర్ పట్టుకొని ఊకె ఏదో రాసినట్టు చేయమను. పెన్నును చూస్తేనే భయం మనకు.

చిన్న ముచ్చట్లు కొన్ని: చీర కట్టుకొని పోకు, కుచ్చిళ్లు పెడల్ కాడ పడ్తయ్, డ్రెస్ వేస్కో, మడమలు లేని చెప్పులు. ఏ రోజు టెస్టో ఇంట్లోళ్లకు తప్ప ఎవరికీ చెప్పకు, లేకుంటే పొద్దుగాల కెల్లి అందరు ఫోన్‌జేసి ఆల్ ద బెస్ట్ అంటరు, అదొక నస. ఇడ్లో ఉప్మానో తిని పో, ఖాళీ కడుపుతోని పోతే వణుకు ఇంకా ఎక్కువైతది, చాయ్ మాత్రం ఒక్కటి చాలు.

మందుల_షాపు_మిర్యాలగూడ:
గోలీ గురించి ఎవ్వరు చెప్పలే కాబట్టి చెప్తున్న. వణుకు తగ్గనీకి ప్రొప్రనలాల్ అని ఒకటుంది, డాక్టర్లు రాస్తరు గూడ, కానీ ఎవరో వేస్కున్నరని మీరు వేస్కోకుండ్రి మేడం. ఆస్తమా ఉన్నోళ్లకు అది డేంజర్, షుగర్ మందులు వాడేటోళ్లకు షుగర్ పడిపోయినప్పుడు గుండె దడ, వణుకు తెల్వనీయదు, బీపీ తక్కువ ఉంటే ఇంక తగ్గుతది. ఇంక అల్ప్రాజోలం అసొంటియి అయితే నిద్ర మబ్బు వస్తది, అవి వేస్కొని స్టీరింగ్ పట్టుడే తప్పు. మా షాపుకు వచ్చి చీటి లేకుండ అడిగేటోళ్లు ఉంటరు, ఇయ్యం. అంత ఇబ్బంది ఉంటే డాక్టర్ దగ్గరికి పోండి, టెస్ట్ రోజు మాత్రం కొత్త గోలీ ఏదీ మొదలుపెట్టొద్దు.

పాలమూరు_చిన్నోడు:
మా మామ అయితే ఒక సీసా కల్లు తాగి పోతే భయం ఉండదు అంటడు 😀

జడ్చర్ల_వదిన:
మీ మామను పంపు ముందుగాల, టెస్ట్ పాస్ అయితడో స్టేషన్‌కు పోతడో చూద్దాం. 100 మిల్లీలీటర్ల రక్తంల ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే కేసే.

పానగల్లు_టీచరమ్మ:
అబ్బ, అందరికి థ్యాంక్స్. సీటు సంగతి ఇయ్యాల సాయంత్రమే చూసిన బాబాయ్, నిజంగనే దూరం ఉంది, మా ఆయన పొడుగు, ఆయన తోలినంక నేను జరుపుకోకుండనే తోల్తున్న ఇన్నిరోజులు. మడిమ ఆనిస్తే క్లచ్ చేతికొచ్చినట్టు ఉంది. ఇంకో రెండు డౌట్లు. ఫెయిల్ అయితే మళ్ల ఎల్‌ఎల్‌ఆర్ నుంచి మొదలుపెట్టాల్నా? ఆటోమేటిక్ సంగతి ఎవ్వరు చెప్పలే.

స్టీరింగ్_బాబాయ్:
అక్కర్లేదు తల్లీ. ఫెయిల్ అయితే 7 రోజులైనంక మళ్ల పోవచ్చు. మూడుసార్లు ఫెయిల్ అయితేనే 60 రోజులు ఆగాలె. ఎల్‌ఎల్‌ఆర్ గడువు లోపల ఉంటే చాలు, అందుకే చివరి వారం దాక ఆపకు, ముందే స్లాట్ పెట్టుకో, ఒకసారి ఫెయిల్ అయినా ఇంకోసారికి టైం ఉంటది. ఆ టైం ఉందన్న సంగతి తెలిస్తేనే భయం కొంచెం దిగుతది. గడువు దాటితేనే మళ్ల కొత్త ఎల్‌ఎల్‌ఆర్.

ఆటోమేటిక్‌కు మన దగ్గర వేరే లైసెన్స్ ఏం లేదు, కారుది కారుదే. కానీ ఇంట్ల ఉన్నది గేర్ల బండి కదా, రేపు బడికి దానిమీదనే పోతవు. టెస్ట్‌కు ఎవరిదో బండి తీస్కపోతే ఆ క్లచ్ ఒక తీరు, బ్రేక్ ఒక తీరు, కాలుకు అలవాటు ఉండదు. నీ వ్యాగనార్ మీదనే పో. ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ కాయితం తేదీలు ఇప్పుడే చూస్కో, సెకండ్ హ్యాండ్ అన్నవు కాబట్టి చెప్తున్న, ఇన్సూరెన్స్ పాత ఓనర్ పేరు మీదనే ఉంటే మార్పించు. ముందర వెనక ఎల్ బోర్డు. పక్కన లైసెన్స్ ఉన్నోళ్లు కూసొని తోల్కపోవాలె, నువ్వొక్కదానివే తోల్కుంట పోకు, గేటు కాడనే పరువు పోతది.

మందుల_షాపు_మిర్యాలగూడ:
పాత స్టూడెంట్ల సంగతి గూడ మర్చిపోండి మేడం. మా సార్ ఒకాయన మా బ్యాచ్‌తోని లైన్ల నిలబడి టెస్ట్ ఇచ్చిండు, మాకే భయమైంది, ఆయన చూస్తుంటే మేం తప్పులు చేస్తమేమో అని. ఎవరి భయం వాళ్లకు ఉంటది అక్కడ.

పానగల్లు_టీచరమ్మ:
అది మాత్రం ఆలోచించలే 😀 సరే, పీఈటీ సార్‌ను అడిగిన, ఆదివారం పొద్దుగాల బడి గ్రౌండ్ల సున్నంతోని హెచ్ గీస్తా అన్నడు, కబడ్డీ కోర్టు గీసేటాయన కదా. మూలలకు ఇటుకలు పెడ్తం. మా ఆయన పక్కన కూసుంటడు, నోరు తెరవొద్దని ఒప్పందం. సార్ బయట నిలబడి పెన్ను పట్టుకుంటడట.

స్టీరింగ్_బాబాయ్:
ఇటుకలు వద్దు, తగిలితే బంపర్ పోతది, ఖాళీ పెయింట్ డబ్బాలు పెట్టుండ్రి. తగిలితే సప్పుడు వస్తది, అంతే. వెడల్పు ఊరికే అందాజగ గీయొద్దు, మొన్న చెప్పినట్టు ట్రాక్ కాడికి పోయి అడుగులతోని కొలుచుకొని రా. లోపలికి రానియ్యకుంటే బయటికెల్లి చూసి, నీ బండి ఎంత ఇడుపు మిగుల్తుందో గుర్తుపెట్టుకో.

పానగల్లు_టీచరమ్మ:
సరే బాబాయ్, రేపు బడి అయినంక పోత.