కూరగాయల మడిలో దుక్కి మానేయవచ్చా?

ఎర్రనేల
మాది చేవెళ్ల వైపు ఎకరంన్నర ఎర్ర చెల్క. టమాటా, వంగ, బీర వేస్తాను. పన్నెండేళ్లుగా ప్రతి పంటకూ రెండుసార్లు రోటవేటర్ తిప్పించాను. ఇప్పుడు నాలుగు అంగుళాలు దాటితే గడ్డపార దిగడం లేదు. పెద్ద వాన పడితే నీరు ఇంకదు, ఎండగానే పైన అట్ట కడుతుంది. భూసార పరీక్షలో సేంద్రియ కర్బనం 0.38 శాతమని తేలింది. 0.5 లోపు ఉంటే తక్కువ కిందే లెక్క. ఈ వానాకాలం దున్నడం పూర్తిగా మానేసి, వరిగడ్డి పరిచి నారు నాటాలని ఉంది. చేసి చూసినవారు చెప్పండి.

కౌలుసేద్యం
ఎర్రనేల గారూ, తొందరపడకండి. గడ్డపార దిగని నేలలో టమాటా వేరు మాత్రం ఎలా దిగుతుంది? నేను 20 సెంట్లలో ప్రయత్నించాను. మొదటి నెల బాగానే ఉంది. తర్వాత గడ్డి సందుల్లోంచి తుంగ లేచింది, గడ్డి కింద చెద పట్టింది. కలుపు తీతకు అయిన కూలితో నాలుగుసార్లు దున్నించవచ్చు.

ఇంకో మాట. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో వరి కోసిన మడిలో దున్నకుండా మొక్కజొన్న వేస్తారు, నిజమే. కానీ అక్కడ కలుపును అణిచేది కలుపు మందు. టమాటా, బీర, కొత్తిమీర పక్కపక్కనే ఉన్న మడిలో ఆ మందు ఎలా కొడతాం? పైగా ఎకరానికి రెండు టన్నుల గడ్డి అయినా పడకపోతే నేల కనబడుతూనే ఉంటుంది. ఆ గడ్డి మా ఊళ్లో పశువుల మేత.

పందిరిబీర
ఇద్దరి మాటలూ దుక్కి చుట్టూనే తిరుగుతున్నాయి. నన్నడిగితే నేలను చంపుతున్నది నాగలి కన్నా ముందు ఎండ. మార్చి నుంచి జూన్ దాకా బోసిగా వదిలేసిన మడిని మే నెల మధ్యాహ్నం చేత్తో తాకి చూడండి, వేలు పెట్టలేరు. అందులో వానపాము ఎలా బతుకుతుంది?

కర్బనం సంగతి ఒకసారి లెక్క వేద్దాం. ఎకరంలో పై 15 సెంటీమీటర్ల మట్టి సుమారు 900 టన్నులు తూగుతుంది. 0.1 శాతం పెరగాలంటే దాదాపు 900 కిలోల కర్బనం నేలలో నిలవాలి. ఎండు గడ్డిలో కర్బనం సుమారు 40 శాతం. అంటే రెండు టన్నుల గడ్డిలో ఉన్నది 800 కిలోలే, అందులోనూ ఎక్కువ భాగం కుళ్లేటప్పుడు గాలిలో కలిసిపోతుంది. కాబట్టి ఒక్క ఏడు గడ్డి పరిచి పరీక్ష ఫలితం మారాలని ఆశించడం అన్యాయం. గడ్డి కొని మోయడం కన్నా ఆ మడిలోనే ఆకు పెంచడం మేలు. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ నడిపిస్తున్న ప్రకృతి వ్యవసాయంలో వానలకు ముందే నవధాన్యాలు, అంటే పలు రకాల విత్తనాలు కలిపి, చల్లుతారు. బంకమట్టి, బూడిద పట్టించిన విత్తనం కొద్దిపాటి తేమకే మొలుస్తుంది. జొన్న, జనుము, అలసంద, పిల్లిపెసర కలిసి పెరిగితే పైన నీడ, లోపల రకరకాల లోతుల్లో వేళ్లు. పూతకు రాగానే కోసి అక్కడే పరచండి. పచ్చి ఆకు త్వరగా కుళ్లుతుంది. ఎండు వరిగడ్డిని మాత్రం మట్టిలో కలపవద్దు, కుళ్లేటప్పుడు నత్రజనిని లాక్కుంటుంది, మొక్క ఆకులు పసుపు రంగుకు తిరుగుతాయి. పైన పరిస్తే ఆ బాధ తక్కువ.

కౌలుసేద్యం గారు వేరు గురించి అన్నది సరైన మాట. గట్టిపడిన పొరను ముందు ఒకసారి వేసవిలో ఉలి నాగలితో చీల్చాలి. ఆ తర్వాత బోదెలు (మొక్కలు నాటే ఎత్తు మట్టికట్టలు) కట్టి వాటిని అలాగే ఉంచేయాలి, నడిచేది వాటి మధ్య కాలువల్లోనే. తుంగ విషయంలో మాత్రం ఒప్పుకోను. రోటవేటర్ తుంగను చంపదు, గొలుసులా ఉన్న గడ్డలను తెంచి మడంతా పంచుతుంది.

కౌలుసేద్యం
తుంగ సంగతి ఒప్పుకుంటున్నాను, మా మడిలో జరిగింది అదే. కానీ మీ లెక్క నాకు వేరే మాట చెబుతోంది. ఫలితానికి ఏళ్లు పడితే, ఏడాది కౌలు మీద ఉన్న నేనెందుకు మొదలుపెట్టాలి? నేను ఆకు పెంచి నేల బాగుచేస్తే వచ్చే ఏడు కౌలు పెంచి ఇంకొకరికి ఇస్తారు. ఒకసారి అలా జరిగింది కూడా. నోటి మాట మీద నడిచే కౌలులో నేల గురించి ఆలోచించమంటే ఎవరి కోసం? నాకు మూడేళ్ల కాగితం రాసివ్వండి, రేపే నవధాన్యాలు చల్లుతాను.

పందిరిబీర
దీనికి నా దగ్గర జవాబు లేదు. కౌలు భూమిలో ఆ ఏడాదే పని చేసేది ఒక్కటి చెప్పగలను. టమాటా వరుసల మధ్య అలసంద వేయండి. నేలకు నీడ, మీకు కాయ, రెండూ ఆ పంటలోనే చేతికొస్తాయి.

ఎర్రనేల
అయితే నా ఆలోచన మార్చుకున్నాను. ఈ వేసవిలో ఉలి నాగలి ఒక్కసారి, వెంటనే నవధాన్యాలు. ఎకరంన్నరా కాకుండా అర ఎకరంలో బోదెలు కదపకుండా ఉంచుతాను, మిగిలినది ఎప్పటిలాగే దున్నుతాను. రెండు చోట్లా కలుపు కూలి, నీళ్లు పెట్టిన రోజులు విడివిడిగా రాసి, పంట అయ్యాక ఇక్కడే పెడతాను. కౌలుసేద్యం గారూ, చెద ఏ నెలలో పట్టిందో కాస్త చెప్పండి.